లైనక్స్ మింట్‌లో మరో కెర్నెల్‌ను ఇన్‌స్టాల్ చేసుకోవడం ఎలా?

అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గర కొన్న ఒక చిన్న వైఫై డాంగుల్ కోసం నేను మొదటిసారి కెర్నెల్‌ను, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లోని మూలభాగాన్ని, మార్చవలసి వచ్చింది. ఇంట్లోని పాత డెస్క్‌టాప్‌లో లైనక్స్ మింట్ 21 అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉండేది, దానితో వచ్చిన కెర్నెల్ 5.15. డాంగుల్‌లో ఉన్నది రియల్‌టెక్ 8821సీయూ చిప్. దానిని నడిపే డ్రైవర్ 2023 ఫిబ్రవరిలో వెలువడిన 6.2 కెర్నెల్‌లో గానీ చేరలేదు కనుక, డాంగుల్ ఎన్నిసార్లు తీసి పెట్టినా నెట్‌వర్క్‌ల జాబితా ఖాళీగానే ఉండేది.

ఇటువంటప్పుడు సిస్టమ్ మొత్తాన్ని తిరిగి ఎక్కించనక్కరలేదు. హార్డ్‌వేర్‌కూ ప్రోగ్రాములకూ నడుమ ఉండి పని నడిపించేది కెర్నెల్ కనుక అది ఒక్కటి కొత్తది పెట్టుకుంటే చాలు. పైగా కొత్త కెర్నెల్ పాతదానిని తొలగించి ఆ చోట కూర్చోదు, దాని పక్కన చేరుతుంది. ఏదైనా తేడా వస్తే పాతదానితో కంప్యూటర్‌ను లేపుకోవచ్చు. అయితే అన్నీ సక్రమంగా నడుస్తున్న యంత్రంలో కేవలం సరదా కోసం కెర్నెల్ మార్చమని మాత్రం నేను చెప్పను.

ముందుగా కమాండ్లు టైపు చేసే టెర్మినల్ తెరిచి, ‘యూనేమ్ -ఆర్’ (uname -r) అని ఇంగ్లీషు అక్షరాలలో కొట్టి, ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ సంఖ్యను కాగితం మీద రాసిపెట్టుకోండి. డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసి (పాస్‌వర్డ్ లేనిదే చదవలేకుండా చేసి) ఉంటే, కెర్నెళ్లు ఉండే బూట్ విభాగం వేరుగా, చిన్నదిగా ఉంటుంది. ఒక్కొక్క కెర్నెల్ అందులో 100 ఎంబీకి పైగా ఆక్రమించవచ్చు కాబట్టి 300 ఎంబీ అయినా ఖాళీ ఉందో లేదో చూసుకోవాలి. తరువాత, సిస్టమ్‌ను వెనకటి స్థితికి తేగల టైమ్‌షిఫ్ట్ ప్రోగ్రాముతో ఒక స్నాప్‌షాట్ (సిస్టమ్ ఫైళ్ల నకలు) తీయండి. అది మామూలుగా హోమ్ ఫోల్డర్‌ను వదిలేస్తుంది, కనుక ఫొటోలనూ పత్రాలనూ వేరే డిస్కులోకి కాపీ చేసుకోవాలి. నెట్ లేకపోతే ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే సరిపోతుంది.

ఇక కరెంటు సంగతి. ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేస్తే కరెంటు పోవడం మన జిల్లాలో కొత్త కాదు, కాబట్టి యూపీఎస్ లేనివారు ఈ పనిని ఉదయం పూట పెట్టుకోవడం మేలు. ఇన్‌స్టాలేషన్ చివరలో కంప్యూటర్ లేచేటప్పుడు కెర్నెల్‌కు మొదట అవసరమయ్యే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అనే ఫైలు తయారయ్యేటప్పుడు తెర కాసేపు కదలకుండా నిలిచిపోయినట్టు కనిపిస్తుంది, సరిగ్గా అప్పుడే మా ఇంట్లో కరెంటు పోయింది. బూట్ మెనూలో కొత్త పేరు చేర్చే పని ఆ తరువాతే జరుగుతుంది కనుక కంప్యూటర్ పాత కెర్నెల్‌తోనే నిక్షేపంగా లేచింది. ‘సుడో డీపీకేజీ --కన్ఫిగర్ -ఏ’ (sudo dpkg --configure -a) అనే కమాండ్ ఇవ్వగానే ఆగిపోయిన పని పూర్తయింది.

అసలు ఇన్‌స్టాలేషన్ సులువు. అప్‌డేట్ మేనేజర్‌లో ‘వ్యూ’ మెనూ తెరిచి ‘లైనక్స్ కెర్నెల్స్’ ఎంచుకోండి. ముందుగా వచ్చే హెచ్చరికను చదివి ‘కంటిన్యూ’ నొక్కితే ఎడమవైపు కెర్నెల్ వరుసలు కనిపిస్తాయి. మింట్ 21 వాడుతున్నవారు 6.8 వరుసను తెరిచి, అందులో అన్నిటికంటే పై సంఖ్య ఉన్నదానిని ఎంచుకుని ‘ఇన్‌స్టాల్’ నొక్కి, పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఎన్విడియా డ్రైవర్, వర్చువల్‌బాక్స్ వంటివి ఉంటే వాటి మాడ్యూళ్లు (కెర్నెల్‌కు తగిలించే భాగాలు) కొత్త కెర్నెల్ కోసం మళ్లీ తయారవుతాయి. పాత డ్రైవర్ అయితే ఇక్కడే పేచీ పెడుతుంది.

ఎక్స్‌ఏఎన్‌మాడ్, లికోరిక్స్ వంటి బయటి కెర్నెళ్లు కూడా ఉన్నాయి. వాటికోసం వేరే రిపాజిటరీ (సాఫ్ట్‌వేర్ దొరికే ఆన్‌లైన్ భండారం) చేర్చుకోవాలి, గుర్తింపు సంతకం లేనివాటిని లేవనివ్వని సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే అవి సాధారణంగా లేవవు. ఉత్తరాలు టైపు చేసుకుని సినిమాలు చూసే మనిషికి వాటితో తేడా తెలుస్తుందని నేను అనుకోను.

రీస్టార్ట్ చేసినప్పుడు పెద్ద సంఖ్య గల కెర్నెలే తనంతట తాను లేస్తుంది. మళ్లీ ‘యూనేమ్ -ఆర్’ కొట్టి, ముందు రాసుకున్న సంఖ్యతో పోల్చి చూడండి. ధ్వని, బ్లూటూత్, ప్రింటర్, ముఖ్యంగా నిద్రపుచ్చి లేపడం, ఇవన్నీ పరీక్షించండి. తెర నల్లగా ఉండిపోతే కంప్యూటర్‌ను ఆపి, తిరిగి ఆన్ చేసేటప్పుడు పాత బయోస్ యంత్రాలలో షిఫ్ట్‌ను నొక్కి పట్టుకోండి, యూఈఎఫ్ఐ యంత్రాలలో ఎస్కేప్‌ను ఒకసారి నొక్కండి. అప్పుడు వచ్చే బూట్ మెనూలో (దాని పేరు గ్రబ్) ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లోకి వెళ్లి పాత సంఖ్యను ఎంచుకోవాలి.

మా డాంగుల్ కొత్త కెర్నెల్‌లోనూ మొదట సీడీ డ్రైవ్‌గానే కనిపించింది. ఇటువంటి కొన్ని డాంగుళ్లలో విండోస్ డ్రైవర్‌ను దాచిన చిన్న డిస్కు ఒకటి ఉంటుంది. ఆ డిస్కు గుర్తు మీద కుడి క్లిక్ చేసి ‘ఎజెక్ట్’ అనగానే డాంగుల్ వైఫై రూపంలోకి మారి, పక్కింటివాళ్లవి సహా నెట్‌వర్క్‌ల పేర్లన్నీ వరుసగా దిగాయి.

పదిహేను రోజులు ఇబ్బంది లేకుండా నడిచిన తరువాత, అదే ‘లైనక్స్ కెర్నెల్స్’ కిటికీలో మరీ పాతవాటిని ఎంచుకుని ‘రిమూవ్’ చేయవచ్చు. వెనకటి కెర్నెల్‌ను ఒకదానిని మాత్రం ఉండనివ్వండి.