అడుగు మూసిన రంధ్రంలో ట్యాపు విరగకుండా మర కోయడం: నా అనుభవం

విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డులో మైల్డ్ స్టీలు పలకలకు ఎం10 మరలు (10 మిల్లీమీటర్ల బోల్టు పట్టేవి) కోస్తున్నప్పుడు, ఒకే పూట రెండు ట్యాపులు (రంధ్రం లోపల మర కోసే పనిముట్లు) రంధ్రంలోనే విరిగిపోయాయి. వాటిని స్పార్క్ మిషనుతో (విద్యుత్ రవ్వలతో లోహాన్ని కరిగించి తొలగించే యంత్రం) తీయించడానికి ట్యాపుల ఖరీదును మించిన ఖర్చయింది. ఆ రంధ్రాలు పలకను దాటి ఆవలికి పోయేవి కావు. 20 మిల్లీమీటర్ల లోతులో ఆగేవి.

మొదట స్టీలు నాణ్యతను అనుమానించాను. అయితే సగం కోసి ఆపిన ఒక రంధ్రాన్ని కిరోసిన్‌తో కడిగి, సన్నని సువ్వతో కెలికి చూసినప్పుడు, అడుగున రజను బిళ్లలాగా గట్టిపడి కనిపించింది. నేను వాడినది గన్ ట్యాపు. అది రజనును ముందుకు తోస్తుంది కనుక ఆవలికి తెరుచుకున్న రంధ్రాలకు ఎంతో అనువైనది గాని, అడుగు మూసి ఉన్నచోట ఆ రజనుకు పోయే దారి ఉండదు. మెలితిరిగిన గాడులున్న స్పైరల్ ఫ్లూట్ ట్యాపు దానిని పైకి లాగుతుంది.

డ్రిల్లు కొలతలోనూ పొరపాటు జరిగింది. ఎం10 మరకు పిచ్ (ఒక మర చుట్టు నుంచి పక్క చుట్టుకు దూరం) 1.5 మిల్లీమీటర్లు కనుక, 10 నుంచి దానిని తీసివేసి 8.5 బిట్టు వాడాలి. చేతికి అందిందని నేను 8.2 వాడాను. 8.5తో పూర్తి మర ఎత్తులో సుమారు 77 శాతం వస్తుంది, బిగింపుకు అది చాలు. 8.2తో 90 శాతం దాటినా బలం పెద్దగా పెరగదు, ట్యాపు మీద భారం మాత్రం బాగా పెరుగుతుంది.

మర 15 మిల్లీమీటర్ల దాకానే కావాలి కనుక, ట్యాపు మొన వాలుకు అడుగున చోటు మిగిలింది. 8.5 బిట్టుకు మారి, కటింగ్ ఆయిల్ పోస్తూ మిగతా పలకలన్నీ ఒక్క స్పైరల్ ఫ్లూట్ ట్యాపుతోనే పూర్తిచేశాను.