కడప పిన్ కోడ్ 516001: పెద్ద సంఖ్యను ప్రధాన కారణాంకాలుగా విడగొట్టే విధానం

1972 ఆగస్టు 15న పిన్ కోడ్ విధానం మొదలైనప్పటి నుంచి కడప చిరునామాల్లో కనిపించే 516001ని ఒక పూర్ణసంఖ్యగా చూస్తే, దాని స్వభావమేమిటో కాగితం, కలంతోనే తేల్చవచ్చు. ప్రధాన కారణాంకాలు దొరికితే మిగిలిన ధర్మాలన్నీ వాటి నుంచే వస్తాయి కనుక శ్రమంతా అక్కడే పెట్టాలి.

చివరి అంకె 1 కావడంతో 2, 5 భాగించవు. అంకెల మొత్తం 13 కనుక 3 కూడా భాగించదు. 7, 11, 13లను విడివిడిగా పరీక్షించనక్కరలేదు. ఆ మూడింటి లబ్ధం 1001 కాబట్టి, సంఖ్యను 516, 001గా విడదీసి, మొదటి దానిలోంచి రెండోది తీసివేస్తే వచ్చే 515ను వాటిలో ఏది నిశ్శేషంగా భాగిస్తే అసలు సంఖ్యనూ అదే భాగిస్తుంది. ఇక్కడ ఏదీ భాగించదు. కర్నూలు 518001కి ఇదే చేస్తే 517, అంటే 11 × 47 వస్తుంది. 11 అక్కడే పట్టుబడుతుంది.

పదిహేడో ఎక్కం వచ్చినవారికి తరువాతి అడుగు సులభం. 510000లో 17 ముప్పై వేల సార్లు, మిగిలిన 6001లో 353 సార్లు పోతుంది కనుక భాగఫలం 30353.

అసలు ఓపిక ఇక్కడ కావాలి. 174 వర్గం 30276, 175 వర్గం 30625. అందువల్ల 30353 సంయుక్త సంఖ్యే అయితే దాని కారణాంకాల్లో కనీసం ఒకటి 174 లోపు ఉండి తీరాలి. 173 వరకూ ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడకుండా దాన్ని ప్రధాన సంఖ్య అని ప్రకటించకూడదు. 17 నుంచి 113 వరకు ఉన్న 24 ప్రధాన సంఖ్యలూ శేషాన్ని మిగులుస్తాయి. చాలామంది ఈ మధ్యలోనే విసిగి ఆపేస్తారు. ఆ వెంటనే వచ్చే 127తో భాగిస్తే 239 వస్తుంది, శేషం ఉండదు.

కనుక 516001 = 17 × 127 × 239. ఇందులో 17 ఫెర్మా ప్రధాన సంఖ్య (2⁴ + 1), 127 మెర్సెన్ ప్రధాన సంఖ్య (2⁷ − 1). ఈ రెండూ మా ఊరి పిన్ కోడ్‌లోనే కలవడం నాకు ఎంతో సంతోషాన్నిస్తుంది.

మూడు వేర్వేరు ప్రధాన సంఖ్యల లబ్ధం కాబట్టి ఇది స్ఫెనిక్ సంఖ్య. ఘాతాంకాలకు ఒక్కొక్కటి కలిపి గుణిస్తే, 2 × 2 × 2, మొత్తం 8 భాజకాలు. వాటి మొత్తం 18 × 128 × 240 = 552960; అందులోంచి సంఖ్యను తీసివేస్తే 36959 మాత్రమే మిగులుతుంది, అది సంఖ్య కంటే తక్కువ కనుక ఇది న్యూన సంఖ్య. అనంతపురం 515001 = 3 × 41 × 53 × 79, దానికి 16 భాజకాలు. కర్నూలు 518001 = 3 × 11² × 1427; 11 రెండుసార్లు రావడం వల్ల దానికి 2 × 3 × 2, అంటే 12 భాజకాలు.

చివరగా అంకెల మొత్తాలతో సరిచూసుకోవాలి. 17, 127, 239లకు ఒక్క అంకె మిగిలే దాకా కూడితే 8, 1, 5. వాటి లబ్ధం 40, అంటే 4. 516001కీ 4 వస్తుంది. ఇవి సరిపోకపోతే తప్పు ఖాయం. సరిపోయినా ఒకసారి పూర్తిగా గుణించి చూడాలి, ఎందుకంటే రెండు అంకెలు తారుమారైతే ఈ పరీక్ష పట్టుకోలేదు.