ఎండ, పొగ ఒకేసారి వస్తే: కాలిఫోర్నియాలో అమ్మానాన్నలున్న ఇళ్లకు జాగ్రత్తలు

"విజయవాడ ఎండలు చూసినవాళ్లం, ఇదొక ఎండా?" అంటారు ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లు. నిజమే, కానీ అక్కడ ఒళ్లంతా చెమట కారుతుంది, దాహం తెలుస్తుంది. ఇక్కడి పొడిగాలికి చెమట పట్టిన వెంటనే ఆరిపోతుంది. ఒంట్లో నీళ్లు తగ్గుతున్న సంగతి తెలియదు. పైగా బే ఏరియాలో (శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల) చాలా పాత అపార్ట్‌మెంట్లకు ఏసీ ఉండదు.

అసలు చిక్కు ఆగస్టు నుంచి మొదలవుతుంది. ఎండకు కిటికీలు తీయాలి, అడవి మంటల పొగకు మూయాలి. రెండూ కలిసొచ్చిన రోజు ఎండకే ఎక్కువ భయపడాలని నేనంటాను. వడదెబ్బ గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. ఏసీ లేని ఇంట్లో కిటికీలు బిగించుకుని ఉడికిపోవద్దు. లైబ్రరీ, మాల్, ఏసీ ఉన్న స్నేహితుల ఇల్లు, ఎక్కడికి వెళ్లాలో ముందే అనుకోండి. కారులో బయటి గాలి రాకుండా రీసర్క్యులేషన్ బటన్ నొక్కండి.

పొగ ఎంతుందో ఆకాశం చూసి చెప్పలేం. 2020 సెప్టెంబరు 9న శాన్ ఫ్రాన్సిస్కోలో పట్టపగలే ఆకాశం నారింజ రంగుకు తిరిగింది. ఆ రోజు పొగ చాలావరకు పైనే ఉంది, కింద గాలి బాగా చెడింది ఆ తర్వాతి రోజుల్లో. అందుకే ఎయిర్‌నౌ యాప్‌లో ఏక్యూఐ, అంటే గాలి ఎంత చెడిందో చెప్పే అంకె, చూడాలి. 100 దాటితే పెద్దవాళ్లు, పిల్లలు, గర్భిణులు, ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లు వాకింగ్ మానుకోవాలి. 150 దాటితే ఎవరికీ మంచిది కాదు. బయటికి వెళ్లక తప్పకపోతే ఎన్95 మాస్కు పెట్టుకోండి. కర్చీఫ్, చున్నీ, చీర కొంగు ఆ సన్నటి నుసిని ఆపవు.

ఎయిర్ ప్యూరిఫయర్ లేకపోతే ఇంట్లోనే చేసుకోవచ్చు. 20 అంగుళాల బాక్స్ ఫ్యాన్, అదే సైజు మెర్వ్ 13 ఫిల్టర్లు (సన్నటి నుసిని కూడా పట్టే రకం) నాలుగు తీసుకోండి. ఫిల్టర్ల అంచు మీది బాణం గుర్తులు లోపలికి ఉండేలా డబ్బాలా నిలబెట్టి, అడుగున అట్ట, పైన గాలిని పైకి వదిలేలా ఫ్యాన్ పెట్టి, సందుల్లేకుండా డక్ట్ టేపు వేయండి. పాత ఫ్యాన్ వాడొద్దు, వేడెక్కే ప్రమాదముంది. ఇవన్నీ జూన్‌లోనే కొనండి. పొగ వచ్చాక షాపులో ఖాళీ అరలే కనిపిస్తాయి.

ఇక వంటిల్లు. మూసిన ఇంట్లో ఎండుమిర్చి తాలింపు, పూరీలు వేస్తే లోపలే ఇంకో పొగ. చిమ్నీ వేద్దామంటే, అది లోపలి గాలిని బయటికి తోసిన కొద్దీ తలుపు సందుల్లోంచి బయటి పొగ వస్తుంది. పొగ ఉన్న రోజుల్లో పెరుగన్నంతో గడిపేయండి. అగరుబత్తి, ధూపం కూడా వద్దు. అత్తయ్యగారికి నచ్చకపోవచ్చు, దేవుడు మాత్రం ఏమీ అనుకోడు.

బీపీకి నీటి మాత్రలు (ఒంట్లో నీటిని మూత్రంగా బయటికి పంపేవి) వేసుకునేవాళ్లు వేడి రోజుల్లో ఏం చేయాలో డాక్టర్‌ను ముందే అడగాలి. సొంతంగా ఆపేయకూడదు. ఇన్‌హేలర్ నిండుగా ఉందో లేదో చూడండి.

మాట తడబడినా, మనిషి తికమకపడినా, స్పృహ తప్పినా వెంటనే 911కి ఫోన్ చేయండి. వాళ్లు వచ్చేలోపు చల్లటి చోటికి చేర్చి, ఒళ్లు తడిపి గాలి విసరండి. స్పృహలో లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు.

కొండల పక్క ఊళ్లలో ఉంటే పాస్‌పోర్టులు, ఇన్సూరెన్స్ కార్డు, వారం మందులు ఒక సంచిలో సిద్ధంగా ఉంచండి. గాలి ఎక్కువైతే మంటల భయంతో కరెంటు ముందే తీసేస్తారు. అప్పుడు గరాజ్ తలుపు మోటారు పనిచేయకపోతే, దానికి వేలాడే ఎర్ర తాడు లాగితే తలుపు చేత్తో తెరుచుకుంటుంది. అదెలా లాగాలో నాన్నగారికి ఈ వారాంతమే చూపించండి.