డెంటల్ చెయిర్ పక్కన, 6వ పాఠం: సక్షన్ కంటే ముందు, బౌల్లోనే గడ్డకట్టిన ఆల్జినేట్ సంగతి

ఈసారి మన డెంటల్ అసిస్టెంట్లకి సక్షన్, అంటే పేషెంట్ నోట్లో నీళ్ళూ ఉమ్మీ లాగేసే గొట్టం, పట్టుకోవడం నేర్పిస్తానని చెప్పాను. నేర్పిస్తాను, కానీ కాస్త ఆగాలి. 5వ పాఠం చదివి పళ్ళ కొలతకి, అంటే పళ్ళ అచ్చు తీయడానికి, ఆల్జినేట్ పౌడర్‌ని నీళ్ళలో కలిపిన చాలామంది దగ్గర్నుంచి ఒకటే మాట వచ్చింది: "అక్కా, నోట్లో పెట్టే ట్రేలోకి ఎత్తేలోపే గట్టిపడిపోయింది." దిల్‌సుఖ్‌నగర్‌లో పనిచేసే ఒకమ్మాయి ఏకంగా ఫొటో పంపింది. రబ్బరు బౌల్, అందులో నిటారుగా నిలబడ్డ కలిపే గరిటె (స్పాచులా), చెయ్యి వదిలేసినా పడట్లేదు. నవ్వొచ్చిన మాట నిజమే గానీ, ఆ అమ్మాయి చేతిలో లోపమేం లేదు. అది మే నెల చేసిన పని.

మధ్యాహ్నం మూడింటికి మేడ మీద నల్ల ట్యాంకులోంచి వచ్చే నీళ్ళు చేతి మీద పడితే చుర్రుమంటాయి. డబ్బా మీద రాసిన టైం ఆ నీళ్ళకి కాదు, దాదాపు 23 డిగ్రీల దగ్గరున్న నీళ్ళకి. పౌడర్‌లో సోడియం ఆల్జినేట్, కాల్షియం సల్ఫేట్ ఉంటాయి, నీళ్ళు తగిలితే రెండూ కలిసి బిగుస్తాయి. వెంటనే బిగుసుకోకుండా అందులో కొద్దిగా ఫాస్ఫేట్ కూడా వేస్తారు. కాల్షియం ముందు ఆ ఫాస్ఫేట్‌తో కలుస్తుంది, అది అయిపోయేదాకే మన టైం. అందుకే అప్పటిదాకా మెత్తగా ఉన్న ముద్ద చెప్పాపెట్టకుండా బిగిసిపోయినట్టు అనిపిస్తుంది. నీళ్ళు వేడిగా ఉంటే ఇదంతా ఇంకా తొందరగా జరిగిపోతుంది.

ఇక నాకు ఒళ్ళు మండే విషయం. తొందరగా గడ్డకడుతోంది కదా అని కొందరు నీళ్ళు ఎక్కువ పోస్తున్నారు. "ఒక గీత ఎక్కువ పోశాను, బాగానే జారింది అక్కా" అని సంతోషంగా రాశారు కూడా. జారుతుంది, ఎందుకు జారదు! ఆ కొలత నోట్లోంచి తీసేటప్పుడు సన్నటి చోట, రెండు పళ్ళ మధ్య చిరుగుతుంది. చిరగకపోయినా సాగుతుంది, అది కంటికి కనపడదు. డాక్టర్ గారు చూసి బాగుందంటారు, ల్యాబ్‌కి వెళ్తుంది, వారం తర్వాత వచ్చిన క్యాప్ పంటి మీద కూర్చోదు. అప్పుడు ల్యాబ్ వాళ్ళని తిడతారు. పోనీ పౌడర్ తగ్గిద్దామా అంటే అదీ ఇదే తప్పు, ఇంకో దారిలో. రెండు స్కూపులకి ఎన్ని గీతల నీళ్ళని ఆ డబ్బాతో వచ్చిన కప్పు చెబుతుందో అంతే, చలికాలమైనా ఎండాకాలమైనా అంతే. పక్క కంపెనీ కప్పు వాడినా లెక్క తప్పుతుంది, స్కూపులూ కప్పులూ అన్నీ కలిపి ఒకే డ్రాయర్లో పడేసే క్లినిక్‌లు నేను చాలా చూశాను. టైం పెంచుకోవాలంటే మీ చేతిలో ఉన్నది ఒక్కటే, నీళ్ళ చల్లదనం. పౌడర్, నీళ్ళ పాళ్ళు మార్చొద్దు. మధ్యలో గట్టిపడుతోందని ఇంకాస్త నీళ్ళు చిలకరించి మళ్ళీ కలపడం అన్నిటికంటే ఘోరం. ఒకసారి బిగుసుకోవడం మొదలైన ఆల్జినేట్ వెనక్కి రాదు, మీరు విరగ్గొడుతున్నారంతే. పారేసి కొత్తది కలపండి.

నా పద్ధతి చెబుతాను. పొద్దున క్లినిక్ తెరవగానే ఒక లీటరు బాటిల్ నింపి ఏసీ గదిలో పెట్టేస్తాను, ఆ రోజు కొలతలన్నీ ఆ నీళ్ళతోనే. ఫ్రిజ్ నీళ్ళు నేరుగా పోయకండి, మరీ ఆలస్యంగా గట్టిపడితే పేషెంట్ నోరు తెరుచుకుని డోకు ఆపుకుంటూ కూర్చోవాలి, అదో నరకం. ఫాస్ట్ సెట్ (తొందరగా గట్టిపడే) రకం నాకు అసలు పడదు. పిల్లలకీ, డోకు ఎక్కువ వచ్చేవాళ్ళకీ సరే, మిగతా అందరికీ ఎండాకాలంలో రెగ్యులరే తెప్పించమని డాక్టర్ మేడమ్‌ని అడగండి. డబ్బా కదిపాక మూత వెంటనే తీయొద్దు, ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు, మాస్క్ ఎలాగూ ఉంటుంది కదా. స్కూప్‌లో పౌడర్‌ని నొక్కి నింపకుండా అంచుకి సమంగా గీయండి. బౌల్లో ముందు నీళ్ళు, తర్వాత పౌడర్. స్పాచులాని గిన్నె గోడకేసి నొక్కి రుద్దుతూ, బౌల్ తిప్పుతూ 45 సెకన్ల నుంచి నిమిషం లోపు కలిపితే ముద్ద వెన్నలా నున్నగా వస్తుంది. ఉండలు ఉన్నాయంటే గోడకి నొక్కలేదనే అర్థం.

తీసిన కొలతని కడిగి, క్రిములు చచ్చే మందు కొట్టి, తడి టిష్యూ చుట్టి జిప్ కవర్లో పెట్టాలని 5వ పాఠంలో రాశాను కదా. ఒకాయన మాత్రం దాన్ని నీళ్ళలో ముంచి ఉంచారట. నీళ్ళలో ఉబ్బుతుంది, గాలికి ముడుచుకుంటుంది, రెండూ పాడే. ల్యాబ్ అబ్బాయి వచ్చి బండి మీద కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట దాకా ట్రాఫిక్‌లో తీసుకెళ్ళేదాకా ఆగకుండా, వీలైతే క్లినిక్‌లోనే అందులో స్టోన్ (పళ్ళ నమూనా తయారయ్యే జిప్సం పొడి) కలిపి పోసేయండి.

సర్టిఫికెట్ లేకుండా పని చేయొచ్చా అని అడిగినవాళ్ళకి ఒక్క మాట: 1948 డెంటిస్ట్స్ యాక్ట్‌లో రిజిస్ట్రేషన్ డెంటిస్టుకి, పళ్ళు శుభ్రం చేసే హైజీనిస్టుకి, కట్టుడు పళ్ళు చేసే మెకానిక్‌కి ఉండేది, చెయిర్ పక్కన నిలబడే మన పేరు ఉండేది కాదు. అందుకే మనలో చాలామంది క్లినిక్‌లోనే నేర్చుకున్నాం.

ఇక సక్షన్. చెయిర్‌ని గడియారంలా ఊహించుకుని పేషెంట్ తల వైపు 12 అనుకుంటే, కుడిచేతి వాటం డాక్టర్ 7 నుంచి 12 మధ్య ఉంటారు, మీరు 2 నుంచి 4 మధ్య. మీ స్టూల్ డాక్టర్ స్టూల్ కంటే నాలుగైదు అంగుళాలు ఎత్తుండాలి, లేకపోతే సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. కుడిచేతిలో పెద్ద సక్షన్, ఎడమచేతిలో నీళ్ళూ గాలీ కొట్టే త్రీ-వే సిరంజి. డాక్టర్ ఎడమచేతి వాటమైతే ఇదంతా అద్దంలో చూసినట్టు తిరగేయండి.

సక్షన్ టిప్ (గొట్టం కొస) ఎక్కడ పెట్టాలి? పంటికి మీ వైపున్న పక్కన. 46 (కింద కుడివైపు మొదటి పెద్ద దవడ పన్ను) మీద పని జరుగుతుంటే మీ వైపు అంటే నాలుక పక్క, 36 (కింద ఎడమవైపు అదే పన్ను) మీదైతే బుగ్గ పక్క. ఏటవాలు మూతి పంటికి సమాంతరంగా ఉండాలి. ముందు మీ టిప్ కుదురుకోవాలి, ఆ తర్వాతే డాక్టర్ మిర్రర్, పన్ను తొలిచే హ్యాండ్‌పీస్ వస్తాయి. వాళ్ళు మొదలుపెట్టాక సందు వెతుక్కుంటూ దూరితే వాళ్ళ చూపుకి అడ్డం పడతారు. అంగిలి వెనక మెత్తటి చోట తగలనివ్వద్దు, డోకు వస్తుంది. బుగ్గని లాగేసుకుంటే ఊడబెరక్కుండా టిప్‌ని కాస్త తిప్పండి, వదిలేస్తుంది. ఉమ్మి లాగే చిన్న సక్షన్ పెదవికి వేలాడేసినప్పుడు మాత్రం "నోరు మూసి పీల్చండి" అని పేషెంట్‌కి చెప్పొద్దు. పెదాలు బిగిస్తే పైపులో ఉన్నది వెనక్కి నోట్లోకి రావచ్చు, అందులో ముందు పేషెంట్ ఉమ్మి కూడా ఉండొచ్చు. సీనియర్లు కూడా చేసే పని ఇది.

ప్రాక్టీస్: పేషెంట్లు లేని సమయంలో, మేడమ్‌ని అడిగి, ఒకే డబ్బా పౌడర్‌ని మూడు రకాల నీళ్ళతో కలపండి: మధ్యాహ్నం మూడింటి ట్యాంకు నీళ్ళు, ఏసీ గది బాటిల్ నీళ్ళు, ఫ్రిజ్ నీళ్ళు. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి, నీళ్ళలో పౌడర్ పడ్డ క్షణం నుంచి, బౌల్లో మిగిలిన ముద్ద వేలికి అంటుకోవడం మానేసేదాకా లెక్కపెట్టి రాయండి. నీళ్ళ వేడి కూడా కొలిచి పక్కన రాయండి, మామూలు థర్మామీటర్ చాలు, జ్వరానిది కాదు. ఇదే పొద్దున తొమ్మిదింటి ట్యాంకు నీళ్ళతో కూడా చేసి నాలుగు అంకెలూ నాకు పంపండి, అంకెలు పంపనివాళ్ళ ఆల్జినేట్ సందేహాలకి జవాబివ్వను. సక్షన్‌కి, ఇంట్లో ఎవరి నోట్లోనైనా టార్చ్ వేసి, స్ట్రాతో 46 దగ్గర, 36 దగ్గర ఎటు పెట్టాలో పది సార్లు పెట్టి చూడండి.