ఒంగోలు ఆబోతును ఎంచేటప్పుడు

బ్రెజిల్‌లో మాంసం కోసం పెంచే నెలోర్ పశువులకు మూలం మన ఒంగోలు జాతే. అంత పేరున్న జాతి కాబట్టి, ఆబోతును కొనేటప్పుడు తొందరపడకండి.

నేను ముందు తలే చూస్తాను. నుదురు వెడల్పుగా, కొమ్ములు పొట్టిగా, మొదట్లో లావుగా ఉండాలి. దగ్గరికెళ్లి కనురెప్పల వెంట్రుకలు చూడండి: నల్లగా ఉండాలి, కంటి చుట్టూ నల్ల వలయం కనపడాలి. ముట్టె, గిట్టలు, తోక కుచ్చు కూడా నలుపే. తెల్ల కుచ్చు, గులాబీ ముట్టె, ఒంటిమీద ఎర్ర మచ్చలు ఉంటే నేను బేరం ఆడను. మగవాటికి తల, మెడ, మూపురం మీద బూడిద రంగు మాత్రం సహజమే, కంగారు అక్కర్లేదు.

మూపురం నిటారుగా నిలబడాలి, గంగడోలు మడతలు పడి వేలాడాలి.

తర్వాత గట్టి నేల మీద నడిపించండి. వెనక కాళ్లు ఈడుస్తుంటే, మోకీలు దగ్గర వాపుంటే వదిలేయండి. వృషణాలు రెండూ సమానంగా, చేతికి గట్టిగా తగలాలి. వీర్యపరీక్ష, బ్రూసెల్లా (పశువులకు ఈసుకుపోయే రోగం తెచ్చే సూక్ష్మజీవి) పరీక్ష డాక్టర్ చేతనే చేయించండి.

రూపం ఒక్కటే చూసి స్వచ్ఛత తేల్చలేం. రెండు మూడు తరాలు ఒంగోలుతో కట్టిస్తే సంకర దూడ కూడా అచ్చం ఒంగోలులాగే కనపడొచ్చు. కాబట్టి తల్లిని చూపించమనండి. ఇంజక్షన్ దూడైతే (కృత్రిమ గర్భధారణతో పుట్టిందైతే) వీర్యం స్ట్రా (వీర్యం నింపిన సన్న గొట్టం) మీది ఆబోతు నంబరు అడగండి. తల్లిదండ్రుల వివరాలపై అనుమానముంటే డీఎన్ఏ పరీక్షతో తేలుతుంది. కాగితాల్లేని అందగాడికంటే, వంశం తెలిసిన మామూలు కోడెకే నా ఓటు.