లుకేమియా అనుమానం వచ్చినప్పుడు రక్త పరీక్ష నివేదికను ఎలా చదవాలి

లుకేమియా అంటే తెల్ల రక్తకణాలు విపరీతంగా పెరిగిపోయే జబ్బు అని చాలామంది అనుకుంటారు. అందుకే సీబీపీ (రక్తకణాల సంఖ్యలను చూపే కంప్లీట్ బ్లడ్ పిక్చర్) నివేదిక చేతికి రాగానే కళ్లు నేరుగా తెల్లకణాల సంఖ్య మీదికి వెళతాయి; అది మామూలుగా ఉంటే ఊపిరి పీల్చుకుంటారు, ఎక్కువగా ఉంటే హడలిపోతారు. రెండూ తొందరపాటే. లుకేమియా ఉన్న కొందరిలో ఆ సంఖ్య మామూలుగానో, మామూలుకంటే తక్కువగానో ఉంటుంది. సాధారణ ఇన్‌ఫెక్షన్ వచ్చినవారిలోనూ అది పెరుగుతుంది. జబ్బు అసలు స్థావరం ఎముక మూలుగ. అక్కడ ఏం జరుగుతోందో తెలిస్తేనే నివేదికలోని అంకెలకు అర్థం ఉంటుంది.

పెద్దవారిలో ప్రధానంగా తుంటి ఎముకలు, వెన్నుపూసలు, రొమ్ము ఎముక, పక్కటెముకల్లోని మూలుగలో రక్తం తయారవుతుంది. చిన్నపిల్లల్లో దాదాపు అన్ని ఎముకల్లోనూ తయారవుతుంది. అక్కడి మూలకణాలు దశలవారీగా పరిణతి చెంది ఎర్రకణాలుగా, తెల్లకణాలుగా, ప్లేట్‌లెట్లుగా మారి రక్తంలోకి వస్తాయి. వేగంగా ముదిరే అక్యూట్ లుకేమియాలో, ఇంకా ఎదగని ఒక కణంలోని జన్యువులు దెబ్బతినడం వల్ల అది పరిణతి చెందడం మానేసి విభజన మాత్రం కొనసాగిస్తుంది. బ్లాస్ట్‌లు అని పిలిచే ఈ అపరిపక్వ కణాలు సూక్ష్మజీవులతో పోరాడలేవు సరికదా, మూలుగను ఆక్రమించి ఆరోగ్యకరమైన కణాల తయారీని అణిచివేస్తాయి. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు, ప్లేట్‌లెట్‌ది 7 నుంచి 10 రోజులు, సూక్ష్మజీవులను ముందుగా ఎదుర్కొనే న్యూట్రోఫిల్‌కైతే రక్తంలో ఉండేది కొన్ని గంటలే. తయారీ కుంటుపడితే నష్టం ఎంత త్వరగా బయటపడుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

కాబట్టి నివేదికలో మూడు వరుసలను కలిపి చదవాలి. మొదటిది హిమోగ్లోబిన్. పెద్దవారిలో ఇది డెసిలీటరు రక్తానికి స్త్రీలకు 12, పురుషులకు 13 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత అంటారు. నాలుగు మెట్లు ఎక్కగానే ఆయాసం, ముఖం పాలిపోవడం, విశ్రాంతి తీసుకున్నా తీరని నిస్సత్తువ దీని లక్షణాలు. రెండోది ప్లేట్‌లెట్లు. ఇవి సాధారణంగా మైక్రోలీటరుకు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. బాగా తగ్గినప్పుడు చిగుళ్ల నుంచి రక్తం కారుతుంది, దెబ్బ తగలకపోయినా చర్మం కమిలిపోతుంది, చీలమండల చుట్టూ సూదిమొనంత ఎర్రటి చుక్కలు గుంపులుగా కనిపిస్తాయి. పారదర్శకమైన గాజుగ్లాసు పక్కభాగాన్ని ఆ చుక్కల మీద ఆనించి నొక్కి చూడండి: మామూలు దద్దురు అయితే ఎరుపు తగ్గుతుంది, చర్మం కింద రక్తం చిమ్మిన చుక్కలైతే అలాగే ఉంటాయి. అలా ఉంటే ఆ రోజే వైద్యులకు చూపించాలి.

మూడోది తెల్లకణాలు. వీటి మొత్తం సంఖ్య పెద్దవారిలో మైక్రోలీటరుకు సుమారు 4,000 నుంచి 11,000. దాని కిందే, తెల్లకణాల్లో ఏ రకం ఎంత శాతమో చెప్పే డిఫరెన్షియల్ కౌంట్ ఉంటుంది. నా దృష్టిలో నివేదిక మొత్తంలో అత్యంత విలువైన భాగం అదే. ఉదాహరణకు ఒకరి మొత్తం తెల్లకణాలు 20,000, అందులో న్యూట్రోఫిల్స్ 2 శాతం అనుకుందాం. 20,000ను 2తో గుణించి 100తో భాగిస్తే 400 వస్తుంది. న్యూట్రోఫిల్స్ 500 కంటే తక్కువ ఉంటే తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ ముప్పు ఉన్నట్టు లెక్క. అంటే పైన అంకె మామూలుకు దాదాపు రెట్టింపు కనిపిస్తున్నా, ఆ శరీరానికి రక్షణ లేదన్నమాట. తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ వచ్చే జ్వరానికి, మానని నోటిపూతకు కారణం తరచుగా ఇదే.

ఇలా రెండు మూడు వరుసలు ఒకేసారి తప్పినంత మాత్రాన లుకేమియా అని నిర్ణయించకూడదు. బీ12 విటమిన్ లోపంలోనూ, కొన్ని వైరల్ జ్వరాల్లోనూ ఇలా జరుగుతుంది. రక్తపు చుక్కను గాజుపలక మీద పరిచి సూక్ష్మదర్శినితో నిపుణులు చూసే స్మియర్ పరీక్ష ఇక్కడ దారి చూపుతుంది. ఆరోగ్యవంతుల రక్తంలో సాధారణంగా బ్లాస్ట్‌లు కనిపించవు. నివేదికలో ఆ మాట ఉంటే ఆలస్యం చేయకుండా రక్తవ్యాధుల నిపుణులను కలవాలి. వారు సాధారణంగా తుంటి ఎముక వెనుక భాగంలో మత్తు ఇచ్చి మూలుగ నమూనా తీస్తారు. అందులో బ్లాస్ట్‌లు 20 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉంటే చాలా సందర్భాల్లో దాన్ని అక్యూట్ లుకేమియాగా గుర్తిస్తారు. ఏ రకమో తేల్చడానికి ఫ్లో సైటోమెట్రీ (కణాల మీది గుర్తులను బట్టి వాటి రకాన్ని పట్టే పరీక్ష), క్రోమోజోముల పరీక్షలు చేస్తారు.

రకం తేలడం ఎందుకంత ముఖ్యమంటే, చికిత్స దాన్నిబట్టే ఉంటుంది. అక్యూట్ రకాలు వారాల్లోనే ముదురుతాయి. క్రానిక్ రకాలు నెమ్మదిగా సాగుతాయి. వృద్ధుల్లో ఎక్కువగా కనిపించే క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియాలో లక్షణాలు లేకపోతే మందులు మొదలుపెట్టకుండా కొన్నేళ్లు గమనిస్తూ ఉండటమూ సరైన వైద్యమే. క్రానిక్ మైలాయిడ్ లుకేమియాలో 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారవుతాయి. ఆ మార్పును 1973లో అమెరికా జన్యుశాస్త్రవేత్త జానెట్ రౌలీ గుర్తించారు. దాని నుంచి పుట్టే ప్రొటీన్‌ను అడ్డుకునే ఇమాటినిబ్ అనే మందు 2001లో అమెరికాలో అనుమతి పొందింది. అప్పటి నుంచి చాలామంది రోజూ మాత్రలు వేసుకుంటూ దీర్ఘకాలం జీవిస్తున్నారు.

పిల్లల్లో ఎక్కువగా వచ్చేది అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. దీని చికిత్సలో నేటికీ వాడే మెథోట్రెక్సేట్ అనే మందు చరిత్రలో మన యల్లాప్రగడ సుబ్బారావు గారి శ్రమ ఉంది. ఆయన బృందం తయారుచేసిన, అదే కుటుంబానికి చెందిన అమినోప్టెరిన్‌తో కొందరు పిల్లల్లో వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టిందని అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. ఈనాడు మంచి వసతులున్న ఆసుపత్రుల్లో ఈ రకం లుకేమియా వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది పూర్తిగా కోలుకుంటున్నారు, అయితే చికిత్స సుమారు రెండు మూడేళ్లు సాగుతుంది. పాప కాళ్లు నొప్పులని రాత్రుళ్లు ఏడుస్తున్నా, కుంటుతున్నా ఎదిగే వయసు నొప్పులేనని సరిపెట్టుకోకండి. పాలిపోవడం, జ్వరం, మెడ దగ్గర గ్రంథుల వాపు కూడా ఉంటే రక్త పరీక్ష చేయించండి.

నిర్ధారణ కాకముందు కొన్ని పనులు అసలు చేయకూడదు. జ్వరం తగ్గడం లేదని వైద్యుల సలహా లేకుండా స్టెరాయిడ్ మాత్రలు వాడితే అవి లింఫోబ్లాస్ట్‌లను, అంటే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియాలోని బ్లాస్ట్‌లను, తాత్కాలికంగా కరిగించి జబ్బును కప్పిపుచ్చుతాయి, రోగ నిర్ధారణ కష్టమవుతుంది. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నప్పుడు ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు రక్తస్రావాన్ని పెంచుతాయి. ఈ జబ్బు అంటువ్యాధి కాదు కాబట్టి రోగి పళ్లెం, గ్లాసు వేరు చేయవలసిన అవసరం లేదు. రోగికే మన నుంచి సూక్ష్మజీవులు సోకకుండా చేతులు కడుక్కుని దగ్గరికి వెళ్లాలి.

చికిత్స మొదలయ్యాక ఇంట్లో థర్మామీటరు అందుబాటులో ఉంచుకోండి. న్యూట్రోఫిల్స్ తగ్గి ఉన్న రోజుల్లో చీము, వాపు వంటి గుర్తులేవీ కనిపించకుండానే ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకవచ్చు, జ్వరం ఒక్కటే బయటికి తెలిసే లక్షణం కావచ్చు. 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ దాటితే, జ్వరం మాత్ర వేసి తెల్లవారేదాకా చూడకుండా, అర్ధరాత్రి అయినా చికిత్స చేస్తున్న ఆసుపత్రికి ఫోన్ చేసి బయలుదేరండి. చివరి రక్త పరీక్ష నివేదికను, కీమోథెరపీ ఇచ్చిన తేదీలను వెంట తీసుకువెళ్లండి.