లేబర్ రూమ్ సిస్టర్లకి తోటివాళ్ళని చూసుకోవడం ఎలా నేర్పాలి

మిడ్‌వైఫరీ ట్రైనింగ్ అంటే పార్టోగ్రాఫ్, అంటే కాన్పు ఎలా సాగుతోందో చూపే చార్ట్, గీయిస్తాం, పీపీహెచ్, అంటే కాన్పయ్యాక విపరీతంగా రక్తం పోవడం, వస్తే ఏం చెయ్యాలో బొమ్మ మీద మళ్ళీమళ్ళీ చేయిస్తాం, కానీ నైట్ డ్యూటీలో తల్లి ప్రాణం పోయి సిస్టర్ బయట బెంచీ మీద కూలబడితే పక్కన కూర్చుని ఏం మాట్లాడాలో మాత్రం ఎవరూ నేర్పరు. "ఆవిడది మంచి మనసండి" అని ఒకరిద్దరి మీద వదిలేస్తాం. అదీ ఇంజక్షన్ చెయ్యడం లాగే, చేయించగా చేయించగా వచ్చేదేనండి.

ముందు ఒకటి, హాల్లో బ్యానర్ కట్టి రోజంతా క్లాసు పెట్టొద్దు. డ్యూటీ మారేటప్పుడు ఇరవై నిమిషాలు, వారానికి ఒకటి రెండు సార్లు, లేబర్ రూమ్ పక్కనే. ఆయమ్మల్ని కూడా కూర్చోబెట్టండి, ఎవరు ఏడుస్తున్నారో ఎవరు తిండి మానేశారో అందరికంటే ముందు తెలిసేది వాళ్ళకే.

బ్రిటన్‌లో మైకేల్ వెస్ట్ అనే ప్రొఫెసర్ ఈ తోటివాళ్ళని చూసుకోవడాన్ని నాలుగు పనులుగా చెప్తారు: గమనించడం, అర్థం చేసుకోవడం, ఆ బాధ మనకీ తగలడం, ఆపైన సాయం చెయ్యడం. మన ట్రైనింగులు మూడోదాని దగ్గరే ఆగిపోతాయి, "అయ్యో పాపం" అన్నాక డ్యూటీ చార్ట్ ముట్టుకోరు. నన్నడిగితే ఇన్‌ఛార్జి సిస్టర్ మనసు కనపడేది ఆ చార్ట్‌లోనే. జులైలో గోదారి వరదలొస్తాయనగానే సిస్టర్లలో లంకల నుంచి ఎవరు వస్తున్నారు, పంటు మీద ఏరు దాటేదెవరు, కాజ్‌వే మీదుగా వచ్చేదెవరు అని అడిగి రాసుకోమనండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర వరద 13 లక్షల క్యూసెక్కులు దాటి రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చేసరికి నెలలు నిండిన లంక ఊళ్ళ గర్భిణీల్ని ముందే ఆస్పత్రికి తెచ్చేస్తారు, వార్డు కిక్కిరిసిపోతుంది, అదే టైముకి మన సిస్టర్ ఇంట్లోకీ నీళ్ళొస్తుంటాయి, ఆవిడని ఎలా రిలీవ్ చెయ్యాలో అప్పుడు ఆలోచిస్తే ఏం లాభం? ట్రైనింగ్‌లోనే ఉత్తుత్తి వరద చార్ట్ వేయించండి.

వినడం విడిగా ప్రాక్టీస్ చేయించాలి. ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టి ఒకరు మాట్లాడితే రెండో ఆవిడ రెండు నిమిషాలు సలహా ఇవ్వకుండా వినాలి. చాలా కష్టమండోయ్, మనకి అర నిమిషంలోనే "పర్లేదమ్మా మర్చిపో" వచ్చేస్తుంది. "నేనైతే అలా చేసేదాన్ని కాదు" అనే మాట మాత్రం పూర్తిగా నిషేధం.

డ్రిల్‌లో గొంతు కూడా చూడండి. బిడ్డ పుట్టిన నిమిషంలోపు బ్లీడింగ్ ఎక్కువ కాకుండా ఇచ్చే ఆక్సిటోసిన్ ఇంజక్షన్ 10 యూనిట్లు చెప్పేటప్పుడు పేరు పెట్టి పిలిచి చెప్పాలి, అవతలమ్మాయి అదే మాట తిరిగి చెప్పి "ఇచ్చేశానక్కా" అనాలి. అరిస్తే ఏమవుతుందంటే, బ్లీడింగ్ ఎక్కువవుతోందని కళ్ళారా చూస్తున్న జూనియర్ నోరు మూసుకుంటుంది, మళ్ళీ తిట్టు తినడమెందుకని. 2018లో కేంద్రం మిడ్‌వైఫరీ గైడ్‌లైన్స్ ఇచ్చాక 18 నెలల ఎన్‌పీఎం (నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ) ట్రైనింగ్ మొదలైంది కదా, అది చేసొచ్చిన పిల్లని "నిన్నగాక మొన్నొచ్చి మాకు చెప్తావా" అనే సీనియర్లు అన్నిచోట్లా ఉంటారు. ఆ సీన్ ఇద్దరితోనూ వేయించండి, పాత్రలు మార్చి.

ఇక చెడు జరిగిన రోజు. ఇంటికెళ్ళే ముందు పది నిమిషాలు, టీ తెప్పించి, ఆ షిఫ్ట్‌లో ఉన్న అందరూ కూర్చోవాలి. ఏం జరిగింది, ఏది బాగా చేశాం, ఈసారికి ఏం కావాలి, అంతే. ఎవరి వల్ల అన్నది అక్కడ రాకూడదు, మాతృ మరణాల రివ్యూ కమిటీ వేరేగా ఉంది, దాని పని దానిది. ఆ సిస్టర్‌ని ఒక్కర్తినీ బండి మీద పంపొద్దు, ఎవరో ఒకరు దింపి రావాలి. తర్వాతి డ్యూటీ లేబర్ రూమ్‌లోనా, బాలింతల వార్డులోనా అని ఆవిడనే అడగండి. నాలుగు రోజులు పోయాక మళ్ళీ ఫోన్ చెయ్యాలి, చాలామందికి నిద్ర పట్టకపోవడం అప్పటికిగానీ బయటపడదు.

ఆ ఫోన్ చేసేది ఆవిడ సెలవులు శాంక్షన్ చేసే మనిషి కాకపోతే మంచిది. ఇంగ్లాండ్‌లో మిడ్‌వైఫ్‌ల మీద చట్టబద్ధ పర్యవేక్షణ 2017లో తీసేసి, తోటి మిడ్‌వైఫ్‌లకే ట్రైనింగిచ్చి మాట్లాడి నిలబెట్టే పని అప్పజెప్పారు. మన దగ్గర రాజోలు సిస్టర్‌కి పాలకొల్లు సిస్టర్‌ని జత చెయ్యొచ్చు, జిల్లా వేరు, ఆఫీసరు వేరు, మధ్యలో గోదారి, మాట బయటికి పోదన్న ధైర్యం ఉంటుంది.

పనిచేస్తోందా లేదా అని ఫీడ్‌బ్యాక్ ఫారాలు పంచకండి, అందరూ బాగుంది అనే రాస్తారు. తప్పు మందు ఇవ్వబోయి ఆగిన సంగతి జూనియర్ తనంతట తనే వచ్చి చెప్తోందా చూడండి. ఒకటి మాత్రం సూపరింటెండెంట్ గారిని ముందే ఒప్పించాలి, టీ మీటింగ్‌లో అన్న మాటలకి రిజిస్టర్ అడగనని. అది ఒప్పుకోకపోతే మిగతావి మొదలెట్టినా ఎవరూ నోరు విప్పరు.